డచ్చి దొర సమాధికి పదకొండు ప్రదక్షిణలు

శనివారం ఉదయం సరిగ్గా ఏడుగంటల పది నిమిషాలకు, మా అత్తమ్మ తన చేతిసంచిలో పిలక ఉన్న కొబ్బరికాయ ఒకటి పెట్టుకుంటుండగా, నాకు మొదటిసారి ప్రమాదం తోచింది.

"ఎందుకత్తమ్మా అది? మనం వెళ్తున్నది పాత కట్టడాలు చూడటానికి."

"కట్టడాలల్ల దేవుడు ఉండడా?"

"కొన్నిట్లో ఉంటాడు. కొన్నిట్లో మునిసిపాలిటీ ఉంటుంది."

"ఏది ఎదురైతదో మనకేం ఎరుక? ఉంటే సంచిల ఉంటది, తిండి అడుగుతదా," అని ఆవిడ కాయ మీద చేతిరుమాలు కప్పి, సంచి జిప్పు వేసేసింది.

అక్కడే ఆపాల్సింది. ఆపలేదు. ఎందుకంటే అప్పటికి నా దగ్గర ఇంకా పెద్ద ప్రమాదాల జాబితా ఉంది, అందులో కొబ్బరికాయ లేదు. నేను డిగ్రీలో చదివింది మైక్రోబయాలజీ. బస్సు చేతిపట్టీ మీద ఏమేం బతుకుతాయో నాకు పేర్లతో సహా తెలుసు. కాచి చల్లార్చిన నీళ్లు ఆరు సీసాలు, చేతులు తుడుచుకునే ద్రవం రెండు బుడ్లు, పులిహోర డబ్బా, పెరుగన్నం డబ్బా, జ్వరం మందు, వాంతుల మందు, పిల్లలిద్దరి గౌన్లకూ పిన్నీసుతో గుచ్చిన ఫోన్ నంబర్ల చీటీలు, పెద్దదాని మెడలో ఆపదలో ఊదడానికి ఒక ఈల. మేం వెళ్తున్నది ఇంటి నుంచి ఆరేడు కిలోమీటర్ల దూరంలో ఉన్న సూరత్ పాత ఊళ్లోకి. ఏ దండయాత్రకైనా సరిపోయే సరంజామా.

అసలు ఈ యాత్ర ఎందుకు మొదలైందో చెప్పాలి. మా పెద్దమ్మాయి నిత్య ఐదో తరగతి. వాళ్ల బడివాళ్లు పిల్లల్ని మూడు రోజులు పాటన్ మెట్లబావి, మొఢేరా సూర్యదేవాలయం చూపించడానికి తీసుకెళ్తున్నారు. ఏడంతస్తుల లోతున్న బావిలోకి పదేళ్ల పిల్లల్ని వరుసగా దింపుతారట. దాన్ని విజ్ఞానయాత్ర అంటారట. అంగీకార పత్రం మా ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పదిరోజులుగా వేలాడుతోంది. తండ్రి సంతకం మొదటి రోజే పడింది. మా ఆయన హజీరాలో ఒక కర్మాగారంలో ఇంజనీరు, ఏ కాగితం ఇచ్చినా భద్రతా నియమాలు తప్ప మిగతావన్నీ చదవకుండా సంతకం పెడతారు. తల్లి సంతకం గడి ఖాళీ. సోమవారం గడువు.

నేను తెలివిగా ఒక ఒప్పందం కుదిర్చాను. "అంత దూరం ఎందుకు? సుల్తానుల కాలం నుంచి కంపెనీ కాలం దాకా అన్ని రకాల కట్టడాలూ సూరత్‌లోనే ఉన్నాయి. శనివారం నేనే చూపిస్తాను. చూశాక కూడా వెళ్లాలనిపిస్తే అప్పుడు సంతకం పెడతాను."

"ప్రామిస్?" అంది నిత్య.

"ప్రామిస్."

నా పథకం ఏమిటంటే, మధ్యాహ్నం మూడయ్యేసరికి రాళ్లంటేనే దానికి విసుగు పుట్టాలి. తల్లులు ఇలాంటి వాగ్దానాలు నిజాయితీతో చేస్తారని ఎవరైనా అనుకుంటే వాళ్లకు పిల్లలు లేరన్నమాట.

ఎనిమిదీ ఇరవైకి అడాజణ్ పాటియాలో సిటీబస్సు ఎక్కాం. నవంబరు చివరి వారం. సూరత్‌లో చలి అంటే ఫ్యాను రెండో నంబరు మీద తిరగడం. చిన్నది లౌక్యకు ఐదేళ్లు, కిటికీ పక్క సీటు కావాలంది. కిటికీ ఊచను నేను రెండుసార్లు తుడిచాక కూర్చోనిచ్చాను. ముందు సీట్లో ఉన్న ఒకావిడ ఇదంతా చూసి వెనక్కి తిరిగింది.

"మీరు మనోళ్లే గద? ఎక్కడ?"

"మాది హనుమకొండ. అత్తమ్మవాళ్లది సిరిసిల్ల దగ్గర."

"మాది గూడ గటే! పర్వత్ పాటియాల ఉంటం. మా ఆయనది సాంచాల పని," అందావిడ. సాంచా అంటే ఇక్కడ మరమగ్గం. "పొద్దుగాల్నే ఏడికి పోతున్రు?"

"ఖిల్లా చూడటానికి."

"ఇరవై రెండేండ్ల సంది గా ఖిల్లా కాడ్నే బస్సు మారుతున్న. లోపలేముంటదో ఒక్కనాడు సూడలె. ఏముంటది?"

"అదే చూద్దామని."

"చూసొచ్చి చెప్పుండ్రి," అని నవ్వింది. నది దాటుతున్నంతసేపూ ఆవిడా మా అత్తమ్మా సిరిసిల్లలో ఇద్దరికీ తెలిసిన మనుషుల కోసం వెతికారు. వంతెన అయిపోయేసరికి ఒకరు దొరికారు. చనిపోయారట. ఇద్దరూ సంతృప్తిగా నిట్టూర్చారు.

చౌక్ బజార్‌లో దిగేసరికి తొమ్మిది. కోట తెరవడానికి వ్యవధి ఉందన్నారు. ఈలోగా మొఘల్ సరాయి ముందునుంచి నడిచాం. షాజహాన్ కాలంలో ఓడ ఎక్కి మక్కా వెళ్లే యాత్రికుల కోసం కట్టిన సత్రం ఇది. తర్వాత ఇంగ్లీషువాళ్లు దీన్ని జైలుగా వాడారు. ఇప్పుడు నగరపాలక కార్యాలయం. మూడు అవతారాల్లోనూ లోపల మనుషులు చేసిన పని మాత్రం ఒకటే: పిలుపు వచ్చేదాకా కూర్చోవడం. నిత్య ఒక నోటుపుస్తకం తీసి ఏదో రాసుకుంది. మొఘలులు అని రాసుకుని ఉంటుందనుకుని మురిసిపోయాను.

ఆ పక్కనే మీర్జా సామీ మసీదు. కోట కట్టించిన సుల్తానుల సర్దారే దీన్నీ కట్టించాడంటారు. కిటికీలకు రాతిని అల్లికపనిలా చెక్కారు. ఎండ ఆ రంధ్రాల్లోంచి దూరి నేలమీద లేసు పరిచినట్టు పడుతుంది. గుమ్మం దగ్గర కూర్చున్న పెద్దాయన "బయట్నుంచి కాదు, లోపలి ముంగిట్లోకి వచ్చి చూడండి బేటీ" అని హిందీలో పిలిచాడు. "పర్వాలేదు, ఇక్కణ్నుంచి కనిపిస్తోంది" అన్నాను. కనిపించలేదు. పరాయి మనుషులు పిలిస్తే వెళ్లకూడదని పిల్లలకు రోజూ చెప్పే మనిషిని, వాళ్లముందే ఎలా వెళ్తాను? ఐదు శతాబ్దాలుగా చెక్కుచెదరని ఆ అల్లికను నేను చెప్పుల స్టాండు వెనకనుంచి దర్శించుకుని వచ్చేశాను. మీరు వెళ్తే లోపలికి వెళ్లండి.

పది దాటాక కోట. టికెట్టు ఉంది, కొనేచోట నీడ కూడా ఉంది. తాపీనది ఒడ్డున, సముద్రం మీదనుంచి వచ్చి ఊరు తగలబెట్టి పోతున్న పోర్చుగీసువాళ్లను ఆపడానికి కట్టారు. మూలమూలనా బండంత బురుజులు, చుట్టూ కందకం, ఎత్తి దించే వంతెన. నా జీవితంలో చూసిన కట్టడాలన్నిట్లో, కట్టినవాడి మనసు నాకు పూర్తిగా అర్థమైంది ఇది ఒక్కటే. నాలాంటి తల్లి ఎవరో మేస్త్రీ పక్కన నిలబడి "ఇంకో మూర మందం పెంచు" అని చెప్పి ఉంటుంది. అంత చేసినా ఏమైంది? పోర్చుగీసువాళ్లు రాకుండా కట్టిన కోటలోకి అక్బరు వచ్చాడు, తర్వాత ఇంగ్లీషువాళ్లు వచ్చారు, ఆ తర్వాత గుమాస్తాలు వచ్చారు, ఇప్పుడు పులిహోర డబ్బాతో నేను వచ్చాను. లోపల గదులన్నీ చక్కగా బాగుచేసి ప్రదర్శనశాల చేశారు. నిత్య ప్రతి గది బయటా నిలబడి నోటుపుస్తకంలో రాసుకుంటూనే ఉంది. లౌక్య కందకంలో మొసళ్లు ఎందుకు లేవని అడిగింది. మంచి ప్రశ్నే. పెట్టాల్సింది.

పదకొండుంబావుకు ఆటోలో గోపీపురా వైపు, చింతామణి పార్శ్వనాథుడి జైనాలయానికి. బయటినుంచి చూస్తే ఓ మామూలు ఇల్లు. తోలు బెల్టులు, పర్సులు బయటే వదలాలి. లోపల అడుగుపెట్టగానే పిల్లలకు జాగ్రత్తలు చెప్పడం మర్చిపోయి తలెత్తాను. స్తంభాలు, దూలాలు, కమానులు అన్నీ చెక్క. చెక్కమీద చెక్కడాలు, చెక్కడాల మీద రంగులు, ఆకులలములతో చేసిన రంగులట, ఔరంగజేబు కాలం నాటివట. ఏనుగులు, నాట్యగత్తెలు, ఓడలాంటిదేదో. వయసుకు వెలిసినా కళ్లలో ఇంకా తడి ఉన్నట్టు ఉన్నాయి బొమ్మలు.

నేను అలా తలెత్తి ఉండగా, వెనక సంచి జిప్పు తెరిచిన చప్పుడైంది. నేను తిరిగేసరికి పూజబట్టల్లో ఉన్న ఒకావిడ మా అత్తమ్మ చెయ్యి మెత్తగా పట్టుకుని ఉంది. "అహీ నాళియేర్ ఫోడాయ్ నహీ, బా."

"ఏమంటుందే?" అని నిత్యను అడిగింది అత్తమ్మ.

"ఇక్కడ కొబ్బరికాయ కొట్టకూడదట నానమ్మా."

"మరి ఏడ కొట్టాలె?" అని నన్ను అడిగింది, ఇది నా తప్పయినట్టు. కాయ తిరిగి సంచిలోకి పోయింది.

అప్పుడు నిత్య నా చెంగు లాగింది. "అమ్మా, ఇక్కడ గుమ్మాలు రెండే. ఒకటి మూసేసి ఉంది. అంతా చెక్క. నిప్పంటుకుంటే నానమ్మను ముందు పంపాలా, లౌక్యనా?"

నోటుపుస్తకం అడిగి తీసుకున్నాను. సుల్తానులు, మొఘలులు, జైన వర్తకులు అని పేజీలు నేనే గీసిచ్చాను. వాటి కింద కట్టడం గురించి ఒక్క ముక్క లేదు. కోట: బయటికి దారి ఒకటి, వంతెన ఎత్తేస్తే సున్నా. సరాయి: పెద్ద గేటు ఒకటి, జనం ఎక్కువ, తొక్కిసలాట. మసీదు: లోపలికి వెళ్లలేదు, తెలియదు.

"ఇదంతా ఎవరు రాయమన్నారు?"

"నువ్వే కదమ్మా, ఎక్కడికెళ్లినా ముందు బయటికి దారి చూసుకోమన్నావు." బొమ్మల వంక కాకుండా మూసిన గుమ్మం వంకే చూస్తూ అంది: "పాటన్ బావికి ఒకటే దారి ఉంటుందట. నాకు రాత్రుళ్లు దాని గురించే కల వస్తోంది. కానీ వెళ్లాలని ఉంది."

మూడు శతాబ్దాల చెక్కపని మధ్య నిలబడి నా కూతురు తలుపులు లెక్కపెట్టుకుంటోంది. పొద్దుటినుంచీ ఎక్కడెక్కడో వెతుకుతున్న ప్రమాదం నా చెంగు పట్టుకునే నడుస్తోందన్నమాట. ఇంత శ్రద్ధగా నేర్చుకున్న పాఠం దానికి బడిలో కూడా ఇంకొకటి లేదు. నాకు బహుమతి ఇవ్వాలి.

పన్నెండూ ఇరవైకి కటార్‌గామ్ దర్వాజా రోడ్డులో దిగాం. ఇక్కడ ఇంగ్లీషువాళ్ల శ్మశానం, డచ్చివాళ్ల శ్మశానం దగ్గరదగ్గరగా ఉన్నాయి. ఇలాంటి సమాధులు నేనెప్పుడూ చూడలేదు. వీళ్లు బతికున్నన్నాళ్లూ గోదాముల్లో నీలిమందు, బట్టల మూటలు లెక్కపెట్టుకున్న వర్తకులు. పోయాక మాత్రం నవాబులైపోయారు. ఇంగ్లీషు కంపెనీలో పనిచేసిన ఇద్దరు అన్నదమ్ములకు గుమ్మటాలతో రెండంతస్తుల సమాధి లేస్తే, దానికంటే తమ దొర సమాధి తక్కువగా ఉండకూడదని డచ్చివాళ్లు ఇంకా పెద్దది కట్టారంటారు. ఎత్తైన అరుగు, చుట్టూ స్తంభాల వసారా, పైన ఇంకో అంతస్తు, ఆపైన పెద్ద గుమ్మటం. పక్కింటివాళ్లు కారు కొన్నారని మనం కొనడం ఇక్కడినుంచే మొదలై ఉంటుంది.

మా అత్తమ్మ చెప్పులు విప్పేసింది.

"గిదేం గుడి బిడ్డా? గింత పెద్ద గోపురం!"

"గుడి కాదత్తమ్మా, సమాధి. డచ్చి దొరది. ఇక్కడ వ్యాపారం చేసి ఇక్కడే పోయాడు."

"సమాధి అయితే ఏంది? మా ఊళ్లె దర్గాకు పోమా, పీరీలకు మొక్కమా?" ఆవిడ గుమ్మటాన్ని మళ్లీ కిందనుంచి పైదాకా చూసింది. "ఊరు గాని ఊళ్లె సచ్చిండు. పాపం, మనోళ్లనేటోళ్లు ఒక్కలన్న వచ్చి దీపం పెట్టిన్రో లేదో. పదకొండు చుట్లు తిరిగి కాయ కొడత."

రక్షిత కట్టడం, పాడుచేస్తే శిక్ష అని బోర్డు చూపించాను. కాయ బయట రోడ్డు మీద కొట్టేట్టు, ప్రదక్షిణలు మాత్రం ఇక్కడే చేసేట్టు రాజీ కుదిరింది. పిల్లల్ని కూడా వెంట రమ్మంది. "నోరు మూస్కొని తిరగాలె. నడుమ మాట్లాడితే మళ్ల మొదటి సంది." వాళ్లతో పాటు నేనూ. ఎండలో నలుగురు తెలుగు ఆడవాళ్లు డచ్చి కంపెనీ అధికారి చుట్టూ మౌనంగా తిరుగుతున్నారు. ఆయన ఆత్మ దీన్ని ఏ ఖాతాలో రాసుకుందో తెలియదు.

ఏడో చుట్టులో, మేం సమాధి వెనకవైపు ఉండగా, గేటు వైపునుంచి ఒక మగగొంతు వినిపించింది. "కోయీ హై అందర్?" లోపల ఎవరైనా ఉన్నారా, అని.

అత్తమ్మ మాట్లాడదు. పిల్లలిద్దరూ నా మొహం చూశారు. పరాయి మగవాడు, నిర్మానుష్యమైన చోటు. నా దేహంలోని ప్రతి నరం దేనికోసం పుట్టిందో ఆ పని చేసింది. వేలు పెదాల మీద పెట్టి, తల అడ్డంగా ఊపాను. ముగ్గురూ స్తంభం చాటుకు వచ్చారు.

గొంతు ఇంకోసారి పిలిచింది. తర్వాత ఇనుపగేటు ఈడ్చిన చప్పుడు. తర్వాత తాళం పడిన చప్పుడు. తర్వాత సైకిల్ వెళ్లిపోయిన చప్పుడు.

పన్నెండూ యాభై ఐదు. పిల్లల్ని ఎంత భద్రంగా దాచానంటే, కాపలాదారు కూడా కనిపెట్టలేక తాళం వేసి భోజనానికి వెళ్లిపోయాడు.

గేటు దగ్గరికి పరిగెత్తాను. ఇంత పెద్ద తాళం. గోడ నాకంటే రెండింతలు. మా ఆయనకు ఫోన్ చేశాను. కర్మాగారం లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు, భద్రతా కారణాలు. నాలుగోసారి కూడా అది లాకర్లో మోగింది. నిత్య మెడలోంచి ఈల లాక్కుని నా శక్తికొద్దీ ఊదాను. రోడ్డు మీద హెల్మెట్ లేని ఒక స్కూటరువాడు ట్రాఫిక్ పోలీసనుకుని గబుక్కున ఆగాడు, అటూ ఇటూ చూశాడు, ఎవరూ కనిపించకపోయేసరికి ఇంకా వేగంగా పోయాడు. మళ్లీ ఊదాను. ఇంకో ఇద్దరు అలాగే పోయారు. లౌక్య ఒంటికి వస్తోందంది. వెనక అత్తమ్మ ఎనిమిదో చుట్టులో ఉంది.

"అత్తమ్మా, తాళం వేసేశారు!"

ఆవిడ చేత్తో 'ఆగు' అన్నట్టు సైగ చేసి స్తంభాల వెనక మాయమైంది.

నిజం చెప్పాలంటే ఏడ్చాను. నిత్య నోటుపుస్తకం నా చేతిలో పెట్టింది. గోడ పక్కనున్న ఇంటి రెండో అంతస్తులో ఎవరో బట్టలు ఆరేస్తున్నారు. నిత్య అరుగు ఎక్కి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టి అరిచింది.

"మాసీ! ఓ మాసీ! అమే అందర్ రహీ గయా!"

పిన్నీ, మేం లోపల ఉండిపోయాం, అని. పరాయివాళ్లతో మాట్లాడకూడదనే నియమం ఆ విధంగా గాలికి పోయింది.

బట్టల వెనకనుంచి ఒక తల వచ్చింది. సమాధుల మధ్యనుంచి మిట్టమధ్యాహ్నం ఆడపిల్ల గొంతు రావడంతో ఆ తల ఒకసారి లోపలికి పోయి, ధైర్యం తెచ్చుకుని మళ్లీ వచ్చింది. "హాయ్ హాయ్! కోణ్ ఛే త్యాఁ?" ఎవరక్కడ, అని.

"చోకీదారే తాళుఁ మారీ దీధుఁ! అమే చార్ జణ్! ఏక్ బా పణ్ ఛే!" కాపలాదారు తాళం వేశాడు, నలుగురం ఉన్నాం, ఒక మామ్మ కూడా ఉంది.

"గభరాయీశ్ నహీ, దీక్రీ!" భయపడకు బిడ్డా, అని ఆవిడ. నిత్య ఏమందో తెలుసా? "హుఁ నథీ గభరాతీ. మమ్మీ గభరాయ్ ఛే." నేను భయపడట్లేదు, మా అమ్మ భయపడుతోంది. వీధి మొత్తానికి వినపడేంత స్పష్టంగా.

ఆ తర్వాత పని దానంతట అదే జరిగింది. మాసీ కింద కొట్టువాడికి చెప్పింది, కొట్టువాడు ఎవరికో ఫోన్ చేశాడు. కాపలాదారు ఇల్లు రెండు సందుల అవతల, ఇప్పుడే కంచం ముందు కూర్చున్నాడు, పావుగంటలో వస్తాడు. ఈలోగా మాసీ దిగివచ్చి గేటు ఊచల్లోంచి ఒక స్టీలు చెంబుతో నీళ్లు, గిన్నెలో లోచో అందించింది. లోచో అంటే సెనగపిండిని ఆవిరిమీద ఉడికించి, మీద నూనె, సన్నకారప్పూస చల్లిన మెత్తటి ముద్ద, సూరత్ వాళ్ల ప్రాణం. నా భుజాన కాచిన నీళ్లు ఇంకా నాలుగు సీసాలున్నాయి. నా ఒళ్లో మూత తీయని పులిహోర ఉంది. లౌక్య అప్పటికే చెంబు ఎత్తి గటగటా తాగేసింది. మా మైక్రోబయాలజీ మేడం చూస్తే నా డిగ్రీ వెనక్కి తీసుకునేది. నేను కూడా తాగాను. చల్లగా ఉన్నాయి. లౌక్య రెండో సమస్యను డచ్చి కంపెనీవారి ఒక చెట్టు పరిష్కరించింది. చరిత్ర క్షమించాలి.

కాపలాదారు వచ్చేసరికి ఒకటీ ఇరవై ఐదు. అత్తమ్మ పదకొండూ పూర్తిచేసి, చెప్పులు వేసుకుని, మేమే ఆవిడ్ని ఆలస్యం చేసినట్టు గేటు దగ్గర నిలబడి ఉంది.

"రెండుసార్లు పిలిచాను కదా బెహన్‌జీ," అన్నాడతను హిందీలో, చెయ్యి ఇంకా తడిగానే ఉంది. "పలికి ఉంటే అన్నం తిన్నాకనే వచ్చి వేసేవాణ్ని."

ఏం చెప్పను? మా అత్తగారు మౌనంలో ఉంది, నేను పిచ్చిలో ఉన్నాను అని చెప్పాలి. "వినపడలేదు భయ్యా" అన్నాను. నిత్య నా వంక చూసింది గానీ ఏమీ అనలేదు. అది నాకంటే మర్యాదస్తురాలు.

కొబ్బరికాయ చివరికి గేటు బయట రోడ్డు అంచురాయి మీద ఒక్క దెబ్బకు పగిలింది. మాసీకి ఒక ముక్క, కొట్టువాడికి ఒకటి, సగంలో వదిలేసి వచ్చిన భోజనానికి పరిహారంగా కాపలాదారుకు పెద్దది. మాసీ గేటులోంచి గుమ్మటం వంక చూసి, పెళ్లై వచ్చి ముప్పై ఏళ్లయినా అటు ఎప్పుడూ పోలేదని, మొక్కితే ఫలిస్తుందా అని నిత్యనడిగింది. నిత్య అనువదించింది. అత్తమ్మ గంభీరంగా "చూద్దాం" అంది.

ప్రయాణికులకు నేను చెప్పగలిగింది: పన్నెండున్నర లోపల వెళ్లండి, నీళ్లు పెట్టుకోండి, గేటు దగ్గర ఎవరైనా ఉంటే లోపలికి పోతున్నామని చెప్పి వెళ్లండి.

రెండూ నలభైకి చౌక్ నుంచి తిరుగు బస్సు. ఖాళీగా ఉంది. పిల్లలిద్దరూ ముందు సీట్లో. నిత్య నోటుపుస్తకంలో డచ్చి సమాధి పేజీ తీసి, బయటికి దారి ఒకటి అని రాసి, కాస్త ఆలోచించి, దాని కింద 'ప్లస్ మాసీ' అని చేర్చింది. వంతెన ఎక్కుతుండగా అత్తమ్మను అడిగాను.

"పదకొండు చుట్లు దేనికి మొక్కారు?"

"నీకు జర ధైర్నం ఇయ్యమని."

"ఎవరిని? ఆ డచ్చి వ్యాపారినా?"

"గాయన్నే. ఏడు సముద్రాలు దాటి వచ్చిండు, గాయనకు తెల్వదా ధైర్నం అంటే? కోటల కూసున్నోడికి ఏం ఎరుక?" అని, కొబ్బరిముక్క నములుతూ కిటికీలోంచి తాపీ నీళ్లు చూసింది. "నడుమ నువ్వే అడ్డం మాట్లాడినవ్. పనిచేస్తదో లేదో."

ఇంటికొచ్చేసరికి మూడున్నర. మొత్తం మీద ఈ యాత్ర నాకు మిగిల్చిన అభిప్రాయం ఇది. అయిదు వందల ఏళ్లుగా ఈ ఊళ్లో ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి లోపలికి రాకుండా గోడలు కట్టారు. ఏ గోడా ఆ పని చేయలేదు. నేను చూసినవాటిలో పకడ్బందీగా పనిచేసిన తాళం ఒక్కటే, అది నా నోరు మూసుకోవడం వల్ల పడింది.

ఇది ఆదివారం రాత్రి, పిల్లలు పడుకున్నాక రాస్తున్నాను. నీళ్ల వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. నేను ఎదురుచూస్తున్నాను గానీ, కాలేదు.

ఆదివారం పొద్దున కాగితం ఫ్రిజ్ మీదనుంచి తీసి సంతకం పెట్టి, పాలగ్లాసుల పక్కన పెట్టాను. పాటన్ కోసం ముందురోజు రాత్రి పద్నాలుగు జాగ్రత్తలు రాసిపెట్టుకున్నాను. ఆ చీటీ జేబులోంచి తీయలేదు. ఇద్దర్నీ కూర్చోబెట్టి ఇదొక్కటే చెప్పాను.

"నిత్యా, వెళ్లు. బావిలో చివరి మెట్టు దాకా దిగు. బయటికి దారి ఎక్కడుందో మీ టీచరు చూసుకుంటుంది, నువ్వు బొమ్మలు చూడు. ఎవరైనా 'లోపల ఎవరైనా ఉన్నారా' అని పిలిస్తే, 'నేనున్నాను' అని గట్టిగా పలుకు. లౌక్యా, నువ్వు కూడా. ఆ ఈల మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లండి. అది పనిచేయదు."